పడమటి ప్రహరీ పక్క 11 చెట్లు, 8 కార్లు: చెట్టు విలువ రూపాయల్లో ఎంత?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. హైదరాబాద్ ఉప్పల్ వైపు 32 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, ఐదంతస్తులు. పడమటి ప్రహరీ వెంట పాతికేళ్ల చెట్లు పదకొండు ఉన్నాయి: ఆరు కానుగలు, నాలుగు వేపలు, ఒక నేరేడు. అవి కొట్టేస్తే ఇంకో 8 కార్లు పెట్టుకోవచ్చని కమిటీ అంటోంది. వచ్చే ఆదివారం జనరల్ బాడీ. మీరు గ్రూపులో "సుప్రీంకోర్టు కమిటీ ఒక చెట్టుకు ఏడాదికి 74,500 రూపాయల విలువ కట్టింది" అని పెట్టారు. ట్రెజరర్ గారు వెంటనే కాలిక్యులేటర్ తీసి 11 చెట్లు, 25 ఏళ్లు గుణించి, "2 కోట్ల 4 లక్షలు వచ్చింది, చెట్లే అమ్మేసి ఫ్లాటుకు ఆరు లక్షల నలభై వేలు పంచుకుందాం" అన్నారు. అందరూ నవ్వారు. మరి చెట్ల విలువ రూపాయల్లో ఎలా చెప్పాలి, వాటిని ఎలా నిలబెట్టుకోవాలి అన్నది మీ ప్రశ్న.

బాధపడకండి. నేను ఇరవై నాలుగేళ్లుగా హోమ్ లోన్ల కోసం ఇళ్లకూ ఫ్లాట్లకూ విలువ కట్టే పనిలో ఉన్నాను. టేపు, ఫైలు పట్టుకుని రోజూ ఎవరో ఒకరి ఇంట్లో దూరి చదరపు అడుగులు లెక్కపెట్టడమే నా బతుకుతెరువు. ఆ అనుభవంతో చెప్తున్నా, మీ ట్రెజరర్ గారి జోకులో సగం నిజం ఉంది. ఆ రెండు కోట్లు ఎవరి చేతికీ రావు. మిగతా సగం మాత్రం ఆయన చూడలేదు. చెట్టు వల్ల మిగిలే డబ్బు నిజమైనదే. కాకపోతే అది చెట్టున్న స్థలం ఎవరిదో వాళ్ల జేబులోకి రాదు, చుట్టుపక్కల పదిమంది జేబుల్లో చిల్లరచిల్లరగా మిగిలిపోతుంది. కొట్టేస్తే వచ్చే లాభమేమో ఒకరిద్దరికే, ఒకేసారి వస్తుంది. అందుకే మీటింగుల్లో ఎప్పుడూ చెట్టే ఓడిపోతుంది.

ముందు ఆ 74,500 సంగతి తేల్చేద్దాం. పశ్చిమ బెంగాల్‌లో జెస్సోర్ రోడ్డు మీద రైల్వే ఓవర్‌బ్రిడ్జిల కోసం 356 చెట్లు కొట్టాల్సి వచ్చి, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు వేసిన ఐదుగురి కమిటీ ఇచ్చిన లెక్క అది, 2021లో బయటికొచ్చింది. ఆ 74,500లో ఆక్సిజన్ వాటాయే 45,000, ఎరువు వాటా 20,000. దాన్ని చెట్టు వయసుతో గుణించమన్నారు. నూరేళ్లు దాటిన చెట్టు విలువ కోటి దాటొచ్చనీ అన్నారు. ఇంతా చేసి 2023లో ఆ చెట్లు కొట్టడానికి సుప్రీంకోర్టే అనుమతించింది. ఈ ముక్క మీ గ్రూపులో ఎవరైనా వెతికి పట్టుకుంటే మీ వాదన అక్కడే ఆగిపోతుంది.

నా వరకు ఆ లెక్కలో రెండు తప్పులున్నాయి. మొదటిది ఆక్సిజన్. గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఎప్పుడూ ఉంటుంది. మీ ప్రహరీ పక్క కానుగలు ఉన్నా పోయినా ఉప్పల్‌లో ఎవరికీ ఊపిరాడకుండా పోదు. కొరత లేని వస్తువుకు వెల కట్టి బిల్లు పంపితే జనం నవ్వకేం చేస్తారు? రెండోది వయసుతో గుణించడం. మేం ఏ ఆస్తికైనా విలువ కట్టేది అది ఇకముందు ఏం ఇస్తుందన్నది చూసి. ముప్పై ఏళ్లు అద్దెకిచ్చిన ఇంటికి ఆ ముప్పై ఏళ్ల అద్దె కూడి ధర చెప్పం కదా! 1979లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ టి.ఎం. దాస్ 50 ఏళ్ల చెట్టుకు 15.70 లక్షలని కట్టిన లెక్క కూడా ఈ దారిదే. స్కూల్లో గోడ మీద రాయడానికి బాగుంటుంది.

మరి చెట్టుకు మా రిపోర్టుల్లో ఎంత వేస్తామంటే, సున్నా. ఫ్లాటు రిపోర్టు ఫారంలో ఎన్నో అంతస్తు, రోడ్డు వెడల్పు, లిఫ్టు, బోరు, మంజీరా నీటి కనెక్షన్, పార్కింగ్ అన్నిటికీ కాలమ్‌లుంటాయి. చెట్టుకు లేదు. భూసేకరణలో అయితే ఉంది. 2013 చట్టం 29వ సెక్షన్ కింద చెట్ల విలువ తేల్చడానికి అనుభవజ్ఞులను పిలవొచ్చు. మామిడికి కాపు చూసి కడతారు, టేకుకు కలప చూసి కడతారు. వీధిలో నీడనిచ్చే కానుగకు కాపూ లేదు, కలపా లేదు. దాని ధర వంటచెరకు ధరే. చాలా ఏళ్ల క్రితం సైనిక్‌పురి వైపు ఒక పాత ఇంటికి రిపోర్టు రాస్తూ, "ఆవరణలో రెండు పెద్ద వేపచెట్లు, ఇల్లు మధ్యాహ్నం కూడా చల్లగా ఉంది, ఈ కారణంగా ధర కొంత ఎక్కువ పలకవచ్చు" అని ఒక పేరా రాశాను. బ్యాంకు మేనేజర్ ఫోన్ చేసి, "చెట్టు కూలితే లోన్ కూడా కూలుతుందా అండీ? ఆ పేరా తీసేయండి" అన్నాడు. తీసేశాను. ఆ ఇల్లు మాత్రం ఆ వీధిలో మిగతా వాటికన్నా ఎక్కువకే పోయింది. కొన్నవాళ్లు చెట్ల కోసం కొన్నామని ఎక్కడా అనలేదు, "గాలీ వెలుతురూ బాగున్నాయి" అన్నారు. మన దగ్గర చెట్టు ధర ఆ మాట వెనకే దాక్కుంటుంది. బిల్డర్లకు ఇది బాగా తెలుసు. పార్క్ ఫేసింగ్ అని చదరపు అడుగుకు ఇంత అని అదనంగా అడగని ప్రాజెక్టు ఉందా చెప్పండి.

దీని మీద గట్టిగా కొలిచిన పని అమెరికాలో జరిగింది. పోర్ట్‌లాండ్ నగరంలో డోనవన్, బుట్రీ అనే ఇద్దరు పరిశోధకులు ఇళ్ల అమ్మకాలు తీసుకుని, ఇల్లు ఎంత పెద్దది, ఎంత పాతది, ఎక్కడుంది అన్నవన్నీ పక్కకు తీసేసి, ఇంటి ముందు వీధి చెట్ల వల్ల ధర ఎంత మారుతోందో చూశారు. 2010లో వచ్చిన ఆ లెక్క ప్రకారం సగటున 8,870 డాలర్లు ఎక్కువ, అమ్మకం 1.7 రోజులు ముందు. నాకు అందులో ఆసక్తిగా అనిపించింది వేరే ముక్క. ఒక చెట్టు వల్ల తన ఎదురుగా ఉన్న ఇంటికి పెరిగిన ధర కన్నా, చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ కలిపి పెరిగినదే ఎక్కువ. ఊడ్చుకునేది ఒకరు, నీడ అందేది పది ఇళ్లకు. ఆ డాలర్లను రూపాయల్లోకి మార్చి మీటింగులో చదవకండి, అక్కడి మార్కెట్ వేరు, ఇక్కడి మార్కెట్ వేరు. ఆ తీరు మాత్రం ఇక్కడా అంతే.

నాకు ఇది పుస్తకంలో చదివి తెలిసింది కాదు. 2014 అక్టోబర్ 12న విశాఖ మీద హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. ఆ తర్వాత నష్టాల అంచనా పని మీద నేను నెల పైగా అక్కడే ఉన్నాను. ఏ వీధిలోకెళ్లినా చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. మేం రాసుకున్నదేమిటంటే: చెట్టు పడి ప్రహరీ కూలింది, ప్రహరీకి ఇంత. చెట్టు పడి కారు నలిగింది, కారుకు ఇంత. చెట్టు పడి రేకులు పోయాయి, రేకులకు ఇంత. ప్రతి కాగితం మీదా చెట్టు నష్టం చేసినదే, నష్టపోయినది కాదు. సీతమ్మధారలో మా చెల్లెలు వాళ్ల వీధికి రెండు వైపులా ఉన్న నిద్రగన్నేర్లు మొత్తం వేళ్లతో సహా లేచిపోయాయి. అంతవరకు ఆ ఇంట్లో ఏసీ లేదు, పడమటి గదిలో కూడా ఫ్యానుతోనే గడిచిపోయేది. మరుసటి ఏప్రిల్‌లో ఫోన్ చేసి, "అన్నయ్యా, పిల్లలు పడుకోలేకపోతున్నారు, ఏ కంపెనీ ఏసీ కొనమంటావు?" అంది. ఏసీ, స్టెబిలైజరు, కొత్త వైరింగు, ఆపైన నెలనెలా బిల్లు. ఆ వీధిలో ఆ వేసవిలో ఏసీ పెట్టించుకున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేవి కావు. తుపాను నష్టం కింద ఈ డబ్బును ఎవరూ రాసుకోలేదు. అసలు నేనే రాయలేదు.

ఇప్పుడు నీడ లెక్కలోకి వద్దాం, మీకు పనికొచ్చేది ఇదే. బెంగళూరులో వీధి చెట్ల మీద జరిగిన అధ్యయనం 2013లో అచ్చయింది. చెట్లున్న చోటికీ లేని చోటికీ మధ్యాహ్నం గాలి వేడిలో 5.6 డిగ్రీల దాకా, తారు రోడ్డు వేడిలో 27.5 డిగ్రీల దాకా తేడా కనిపించింది. ఆ 27.5 చూసి నాకూ నమ్మకం కుదరలేదు. నా దగ్గర గోడల తేమ, వేడి చూడ్డానికి వాడే గన్ లాంటి థర్మామీటర్ ఉంది. కిందటి మే నెలలో ఒంటి గంటన్నరకు మా వీధిలోనే కొట్టి చూశాను. ఎండలో తారు 61, పది అడుగుల అవతల కానుగ నీడలో 38. అదే గన్‌తో పడమటి గోడను సాయంత్రం ఐదింటికి కొట్టి చూడండి. ఎండ తిన్న గోడ రాత్రి పదకొండింటి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. అందుకే మన ఊళ్లలో పడమటి గది అద్దెకు పోవడం కష్టం.

చెట్టు రెండు పనులు చేస్తుంది. ఎండను గోడ దాకా రానివ్వదు. ఆకుల్లోంచి నీటిని ఆవిరి చేసి చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరవడానికి సుమారు 0.68 యూనిట్ల వేడి కావాలి. పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు వదిలిందనుకుంటే, ఒకటిన్నర టన్ను ఏసీ పదమూడు గంటలు తిరిగి లాగేసే వేడితో సమానం. అయితే ఏసీ మూసిన గదిని చల్లబరుస్తుంది, చెట్టు చేసిన చల్లదనంలో ఎక్కువ భాగం గాలికి కొట్టుకుపోతుంది. కాబట్టి "చెట్టు అంటే రెండు ఏసీలు" అని ఎవరన్నా అంటే పూర్తిగా నమ్మకండి. ఇంటికి అసలు లాభం నీడ వల్లే.

మీ అపార్ట్‌మెంట్‌కు లెక్క వేద్దాం. పడమటి వైపు ఫ్లాట్లలో చెట్ల ఎత్తు అందేవి కింద మూడంతస్తుల్లో ఆరు ఉంటాయనుకుందాం. నాలుగు, ఐదు అంతస్తులకు ఈ చెట్ల వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, అక్కడ నిజాయితీగా ఉండండి. ఆ ఆరు ఫ్లాట్లలో ఒక్కో ఏసీ నీడ వల్ల రోజుకు రెండు గంటలు తక్కువ తిరిగిందనుకోండి. గంటకు ఒకటిన్నర యూనిట్, అంటే రోజుకు మూడు యూనిట్లు. వేసవి 90 రోజులకు 270 యూనిట్లు. పై శ్లాబులో యూనిట్ తొమ్మిది రూపాయలు వేసుకుంటే ఫ్లాటుకు 2,430. ఆరింటికి 14,580. ఇది ఏడాదికి. ఇరవై ఏళ్లపాటు మిగిలే ఈ డబ్బును వడ్డీ 8 శాతం చొప్పున వెనక్కి లెక్కిస్తే ఈరోజు విలువ దాదాపు 1 లక్షా 43 వేలు. రెండు కోట్లు ఎక్కడ, లక్షా నలభై మూడు వేలు ఎక్కడ! కానీ ఈ లక్షా నలభై మూడు వేలను ఎవరూ నవ్వి కొట్టిపారేయలేరు, ఎందుకంటే బిల్లులు చేతిలో పెట్టొచ్చు. నావి ఊహించుకున్న అంకెలు. మీరు ఆ ఆరిళ్లవాళ్లనూ, తూర్పు వైపు అదే అంతస్తుల వాళ్లనూ ఏప్రిల్, మే బిల్లులు అడిగి తీసుకుని నా అంకెల చోట వేసుకోండి.

ఈ లెక్కలోకి రాని మనిషి ఒకరుంటారు. మా వీధి మలుపులో ఒక కానుగ కింద పదేళ్లకు పైగా ఇస్త్రీ బండి ఉండేది. ఉదయం ఏడింటికి బొగ్గు రాజేసేవాడు, రాత్రి ఎనిమిదింటికి దుప్పటి కప్పి తాడు కట్టేవాడు. భార్య మధ్యాహ్నం ఇళ్లకు తిరిగి బట్టలు తెచ్చేది. బండి పక్కనే బెంచీ మీద ఆటోవాళ్లు, టీ ఫ్లాస్కుతో ఒకామె. డ్రైనేజీ పనులకు వచ్చినవాళ్లు ఒకరోజు పొద్దున్నే ఆ చెట్టు కొట్టేశారు. ఇస్త్రీ అతను నాలుగు కర్రలు పాతి నీలం పట్టా కట్టాడు. పట్టా కింద బొగ్గుల పెట్టె పక్కన మే నెల మధ్యాహ్నం నిలబడితే తెలుస్తుంది అదేమిటో. పన్నెండు నుంచి నాలుగు దాకా పని మానేశాడు. అంటే రోజులో నాలుగు గంటల సంపాదన పోయింది. షట్టరు అద్దెకు తీసుకుందామంటే ఆ వీధిలో నెలకు తొమ్మిది వేలు అడిగారు. ఆరు నెలలకు బండి కనిపించలేదు. ఆ కానుగ అన్నేళ్లూ అతనికి నెలకు తొమ్మిది వేల అద్దె పలికే షాపును ఊరికే ఇచ్చిందన్నమాట. మీ ప్రహరీ అవతల రోడ్డు మీదకు ఆ పదకొండు చెట్ల నీడ పడుతుంటే, దాని కింద ఎవరున్నారో ఒకసారి బయటికెళ్లి చూసి రండి.

ఇంక విదేశాల లెక్కలు బోలెడున్నాయి. న్యూయార్క్ వీధి చెట్ల మీద పెట్టే ప్రతి డాలరుకూ 5.60 డాలర్ల లాభమని 2007లో లెక్కగట్టారు. 1984లో ఉల్రిచ్ అనే పరిశోధకుడు, కిటికీలోంచి చెట్లు కనిపించే గదిలో పెట్టిన ఆపరేషన్ పేషెంట్లు గోడ కనిపించే గదిలోవాళ్లకన్నా ముందు డిశ్చార్జి అయ్యారని చూపించాడు. లండన్‌లో బర్క్‌లీ స్క్వేర్‌లోని ఒక ప్లేన్ చెట్టుకు 2008లో ఏడున్నర లక్షల పౌండ్ల విలువ కట్టారు. చదవడానికి బాగుంటాయి గానీ మీ జనరల్ బాడీకి ఒక్కటీ తీసుకెళ్లొద్దు. "మనది న్యూయార్కా?" అనే ఒక్క మాటతో అయిపోతుంది. మన హైదరాబాద్ లెక్కలూ వద్దు. అటవీ సర్వే ప్రకారం 2011 నుంచి 2021 మధ్య హైదరాబాద్ పచ్చదనం 33.15 చదరపు కిలోమీటర్ల నుంచి 81.81కి పెరిగింది. ఎదుటివాళ్లు దాన్నే తిప్పి, "ఊరంతా చెట్లు పెరిగాయట కదా, మన పదకొండు పోతే ఏమైంది?" అంటారు. ఎక్కడో బంజారాహిల్స్‌లోని కేబీఆర్ పార్కు నీడ ఉప్పల్ గోడ మీద పడదని చెప్పడానికే మీకు పది నిమిషాలు పోతుంది.

చెట్లు పెట్టే ఖర్చును కూడా దాచకండి. నేరేడు జూన్‌లో కార్ల మీద ఊదా మరకలు వేస్తుంది, ఆ కింద కారు పెట్టేవాళ్లకు మండటం సహజం. కానుగ ఫిబ్రవరి, మార్చిలో ఆకంతా ఒక్కసారి రాలుస్తుంది, వాచ్‌మన్ భార్య ఊడ్చి ఊడ్చి అలిసిపోతుంది. (ఆ పదిహేను రోజులూ ఆమెకు అదనంగా ఇంత ఇవ్వాలని మెయింటెనెన్స్‌లో పెట్టండి, చెట్ల మీద సగం గొడవ అక్కడే తీరుతుంది.) వేళ్లు సంపు గోడలోకి, మ్యాన్‌హోల్లోకి చొచ్చుకుపోతే రిపేరు ఖర్చు వేలల్లో ఉంటుంది. పిట్టగోడ పగుల్లో మొలిచిన రావి మొక్కకు సెంటిమెంటు పెట్టుకోకుండా పీకేయాల్సిందే. అన్ని చెట్లూ మంచివీ కావు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో తొందరగా పెరుగుతుందని ఏడాకుల పాల ఎక్కువగా నాటారు. అక్టోబరు దాటాక దాని పూల ఘాటుకు రాత్రుళ్లు కిటికీలు మూసుకుంటున్నామని, ఆయాసం వస్తోందని జనం ఫిర్యాదులు చేశారు. రోడ్ల వెంట పచ్చదనానికని నాటిన కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు సంగతి తెలిసిందే, గుజరాత్ 2023లో నిషేధించింది, తెలంగాణలోనూ నర్సరీల్లో పెంచొద్దన్నారు. మీవి కానుగ, వేప, నేరేడు. ఈ ఎండలకు పుట్టిన చెట్లు. ఆ విషయంలో మీ పాతికేళ్ల కిందటి బిల్డరుకు దండం పెట్టాలి.

అవతలి పక్షం బలం కూడా చూడాలి. ఎనిమిది కార్ల పార్కింగ్ అనగానే ఒక్కోటి మూడు లక్షలు, మొత్తం 24 లక్షలు అని ఎవరో అంటారు. నా లెక్కలో వచ్చిన లక్షా నలభై మూడు వేల ముందు అది పెద్ద అంకె. కానీ ఆ 24 లక్షలు ఎవరిస్తారు? బిల్డింగుకూ ప్రహరీకీ మధ్య వదిలిన సెట్‌బ్యాక్ స్థలం 32 మంది ఉమ్మడి ఆస్తి. దాన్ని విడివిడిగా అమ్ముకునే హక్కు అసోసియేషన్‌కు లేదు, రిజిస్టర్ చేయించుకోవడానికీ కుదరదు. మా రిపోర్టులో కూడా డాక్యుమెంటులో రాసి ఉన్న పార్కింగ్‌కే విలువ వేస్తాం. ప్రహరీ పక్కన గీసిన తెల్ల గీతలకు వేయం. అంటే ఆ ఎనిమిది చోట్లూ రెండో కారున్న ఎనిమిది మందికి సౌకర్యం అవుతాయి తప్ప ఎవరి ఫ్లాటు ధరలోకీ ఎక్కవు. ఆ మాట మీరు అనే కంటే, "ఆ ఎనిమిది ఎవరికి, డ్రా తీస్తారా, నెలకు ఎంత కట్టాలి?" అని మెల్లగా అడగండి. మిగతా ఇరవై నాలుగు మంది కుర్చీల్లో సర్దుకుని కూర్చుంటారు.

"కొట్టిన చోట కాకపోతే ఇంకోచోట నూరు మొక్కలు నాటుదాం" అని తప్పకుండా ఎవరో అంటారు. దీనికి టేపు చాలు. మీ కానుగ గుబురు అడ్డకొలత ఎనిమిది మీటర్లనుకుందాం. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క గుబురు ఒక మీటరు. నీడ విస్తీర్ణం అడ్డకొలతకు వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి ఒక్క కానుగ నీడకు అరవై నాలుగు మొక్కలు కావాలి. పదకొండు చెట్లకు ఏడు వందల పైచిలుకు. అవి నాటడానికి మీకు ఎకరాల స్థలం లేదు. ఉన్నా పడమటి గోడ మీద నీడ పడదు. కడియం వెళ్తే ఎంత పెద్ద మొక్కయినా లారీలో వేసి పంపుతారు. కానీ పాతికేళ్లను ఏ నర్సరీ అమ్మదు. మీ చెట్ల అసలు విలువ ఈ పాతికేళ్ల నిరీక్షణలోనే ఉంది. మీ సభ్యుల్లో ఎక్కువమంది యాభై దాటినవాళ్లని రాశారు. ఇప్పుడు నాటిన కానుగ ఇదే నీడ ఇచ్చేసరికి వాళ్ల వయసెంత ఉంటుందో వాళ్లనే లెక్కపెట్టుకోనివ్వండి.

చట్టం గురించి కొంచెం. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. సొంత ఆవరణ, అపార్ట్‌మెంట్ ఆవరణ అన్న తేడా లేదు. జనరల్ బాడీ తీర్మానం ఆ అనుమతికి బదులు కాదు. కొట్టేశాక కేసయితే సంతకం పెట్టిన సెక్రటరీ మెడకే చుట్టుకుంటుంది. ఈ ముక్క ఆయనకు మీటింగుకు ముందే, విడిగా, మర్యాదగా చెప్పండి. పదిమందిలో చెప్తే పంతానికి పోతారు. రెండోది, జీవో 168 కింద 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్‌లో సెట్‌బ్యాక్‌లో ప్రహరీ వెంట చెట్ల పట్టీ వదలాలన్న షరతు ఉంది. మీది అంతకు ముందు కట్టినది. అధికారులు ఆమోదించిన మీ శాంక్షన్ ప్లాను తీసి ఆ పడమటి పట్టీని ఏమని చూపించారో చూడండి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ ప్లాను ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. లోన్ తీసుకున్నవాళ్ల బ్యాంకు ఫైల్లో కాపీ ఉంటుంది.

చెట్లా కార్లా అని ఓటింగు పెట్టనివ్వకండి. పెడితే ఓడిపోతారు. ఒక కారు చోటుకు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు వేసుకోండి. శనివారం టేపు పట్టుకుని ప్రతి రెండు చెట్ల మధ్య ఖాళీ కొలవండి, కాండం దగ్గర నుంచి కాదు, వేళ్లు పైకి లేచిన చోటు వదిలేసి. పదకొండు చెట్ల మధ్య పది ఖాళీలుంటాయి. వాటిలో ఐదారు మూడు మీటర్లున్నా, కింది కొమ్మలు ఎనిమిది అడుగుల ఎత్తు దాకా తీయించి, నేలలో సిమెంటు పోయకుండా రంధ్రాలున్న పేవర్లు వేస్తే, ఒక్క చెట్టూ పోకుండా ఐదారు కార్లు, అవి కూడా నీడలో, పెట్టుకోవచ్చు. సెట్‌బ్యాక్ వెడల్పు చాలక కారు తిప్పడం కుదరకపోతే ఒకటో రెండో చెట్లు వదులుకోవాల్సి రావొచ్చు. నేనైతే ఒకటి రెండు వదులుకుని తొమ్మిది నిలబెట్టుకోవడానికి సిగ్గుపడను. వదులుకోవాల్సి వస్తే సంపుకు దగ్గరగా ఉన్నవీ, కాండం తొర్రబోయినవీ ముందు చూడండి. వేపల్లో కొమ్మల చివర్లు ఎండిపోతున్నది ఉంటే కంగారుపడి దాన్ని చచ్చిన చెట్టు కింద రాయకండి. కొన్నేళ్లుగా తెలంగాణలో వేపలకు ఆ ఎండు తెగులు వస్తోంది, చాలావరకు మళ్లీ చిగురిస్తాయి.

ఖాళీల కొలతలు, ప్రతి చెట్టు ఛాతీ ఎత్తులో చుట్టుకొలత, సెట్‌బ్యాక్ వెడల్పు, సంపు ఎక్కడుందో ఒక కాగితం మీద గీసి ఫోటో పెట్టండి. శనివారం రాత్రి లోపు చూసి ఎన్ని కార్లు పడతాయో గీసి పంపిస్తాను. నేరేడును మాత్రం బేరంలో ముందే వదిలేయకండి. మరకలని తిట్టేవాళ్లే జూన్‌లో దాని కింద సంచీ పట్టుకుని నిలబడతారు.